ముఖమల్ కింద ఇనుపరేకు

ఆ పలకను నేను మొదటిసారి చూసింది చిత్తూరు జిల్లా కోర్టులో, జడ్జిగారి గదిలో. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం, దాని మీద బిగించిన ఎర్ర ముఖమల్ గుడ్డ, గుడ్డ మీద అక్కడక్కడా చింతగింజంత నల్ల బిళ్ళలు. ఒక్కో బిళ్ళకు చిన్న కొక్కెం, ఆ కొక్కేనికి కమ్మో, ముక్కుపుడకో, తాళిబొట్టో తగిలించి ఉంది. జడ్జిగారు ఒక బిళ్ళను రెండు వేళ్ళతో లాగారు. ఊడి వచ్చింది. ఇంకోచోట ఆనించారు. అతుక్కుంది. పలకను రెండు చేతులా ఎత్తి ఊపినా ఒక్క కమ్మ కూడా కింద పడలేదు.

"ఇందులో ఏముందంటారు మాస్టారూ?" అన్నారు.

"లోపల ఇనుపరేకు, బిళ్ళ వెనక అయస్కాంతం. అంతే కదండీ," అన్నాను.

"ఆ 'అంతే కదా' అన్న మాట మీదే ఈ దావా అంతా నడుస్తోంది. కొంచెం నిదానంగా చూడండి," అని ఆయన పలకను నా వైపు జరిపారు.

నిదానం నాకు పుట్టుకతో రాలేదు. ఎదుటివాడు ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేయడం, చెప్పింది తప్పంటే ముఖం మాడ్చుకోవడం నా అలవాటు. అది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు. తిరుపతిలో కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. పేటెంటు దావా విచారించే జడ్జి ఆ విషయం తెలిసినవాణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సలహా తీసుకోవచ్చని చట్టంలో ఉందట. అసెసరు అంటారు. మా వైపు అలాంటి దావా ఒకటి వస్తుందని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. అయస్కాంతం గురించి చెప్పగలవాడు ఎవడా అని వెతికితే నేను దొరికాను. కోర్టు బంట్రోతు కాగితం తెచ్చి చేతికిచ్చినప్పుడు కాస్త గర్వంగానే అనిపించింది. జడ్జి పక్కన కుర్చీ అంటే మాటలా.

జడ్జిగారు సంగతి విడమరిచి చెప్పారు. పలక కనిపెట్టినది తిరుపతిలో నగల పెట్టెలు చేసే ఒక సాయిబు. కలకత్తాలోని పేటెంటు ఆఫీసుకు రాసి పేటెంటు తెచ్చుకున్నాడు. చిత్తూరు బజారులో పెద్ద నగల అంగడి ఉన్న ఒక షావుకారు ఆయన దగ్గర ఒక పలక కొన్నాడు. తర్వాత తన వడ్రంగి చేత దాన్ని విప్పించి, అచ్చం అలాంటివే చేయించి తన అంగళ్ళలో పెట్టుకోవడమే కాక, వేలూరు దాకా అమ్మడం మొదలుపెట్టాడు. సాయిబు దావా వేశాడు. షావుకారు తరఫున వచ్చిన వాదన ఒక్కటే. ఇది కనిపెట్టడం అనిపించుకోదు, ఎవరికైనా తట్టేదే, కాబట్టి ఆ పేటెంటు చెల్లదు.

"ఇలాంటిది ఇంతకు ముందు ఎవరూ చేయలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు," అన్నారు జడ్జిగారు. "కానీ కొత్తదైతే చాలదు. అప్పటికి తెలిసి, వాడుకలో ఉన్నదాన్ని బట్టి చూస్తే, ఆ పనిలో ఉన్న మామూలు మనిషికి దానంతట అదే తట్టే సంగతైతే చట్టం దాన్ని కాపాడదు. తట్టేదా, తట్టనిదా? మీ సలహా కావలసింది అక్కడే."

నా సలహా నాలిక చివరే ఉంది. తట్టేదే. అయస్కాంతం ఇనుమును పట్టుకుంటుందని బడిపిల్లలకు తెలుసు. మధ్యలో గుడ్డ ఉన్నా పట్టుకుంటుందని నేనే ఏటా క్లాసులో చూపిస్తాను. దీనికి కలకత్తా దాకా పోవాలా అనుకున్నాను. ఆ మాట అనకుండా ఆపింది జడ్జిగారి చూపు మాత్రమే.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ సాయిబు కనిపించాడు. నలభై దాటిన మనిషి, సన్నంగా, గడ్డం ఒకవైపు నెరిసి ఉన్నాడు. నన్ను చూడగానే సలాం చేసి, అదే ఊపులో పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. తీర్పు అయ్యేదాకా అసెసరు ఏ పక్షంతోనూ మాట్లాడకూడదని వకీలు చెప్పి ఉంటాడు. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ ఇదే తంతు. ఒకే బండిలో పోవడం, ఒకే బండిలో రావడం, పాకాలలో ఇంజను నీళ్ళు పట్టుకునేసేపు ప్లాట్‌ఫారం మీద ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి టీ తాగడం. నా జీవితంలో ఒక మనిషిని అంత దగ్గరగా తప్పించుకు తిరిగింది ఎప్పుడూ లేదు.

ఆయన సంగతులు నాకు కోర్టు సాక్ష్యంలోనే తెలిశాయి. వాళ్ళ నాయన, తాత అందరూ నగల పెట్టెలకు ముఖమల్ అతికినవాళ్ళే. ఆ రోజుల్లో అంగళ్ళలో నగలను గుడ్డకు దారంతో కుట్టి పెట్టేవాళ్ళు, లేదా గుండుసూదులతో గుచ్చేవాళ్ళు. కొనవచ్చిన ఆవిడ ఒక కమ్మ చేతికివ్వమంటే దారం తెంపాలి, నచ్చలేదంటే మళ్ళీ కుట్టాలి. ఏడాది తిరిగేసరికి గుడ్డంతా తూట్లు పడేది. ఆ తూట్లు పడిన గుడ్డ మార్చే పని ఈయనది. మార్చీ మార్చీ విసుగెత్తి ఉన్నాడు. యుద్ధం అయిపోయాక సైన్యం వాళ్ళు పాత సామాను వేలం వేస్తే, మద్రాసులో ఒక గంపెడు చెవికి పెట్టుకునే పాత టెలిఫోన్లు కొనుక్కొచ్చాడు. రాగి తీగ కోసం కొన్నాడు. వాటిలో చిన్న చిన్న అయస్కాంతాలు బయటపడ్డాయి. ఒకటి పెట్టె ఇనుప బందుకు అతుక్కుని, మధ్యలో ఉన్న ముఖమల్ ముక్కను కూడా పట్టుకుని వదల్లేదట.

"అప్పుడు తట్టినాది సార్," అన్నాడు బోనులో నిలబడి. "అన్నం తినేది మానేసి సేసినాను. మా అన్నదమ్ములంతా తోళ్ళ యాపారంలో సేరేదానికి మద్రాసుకు పోయినారు. నేను దీన్ని నమ్ముకోని ఈడనే ఉండిపోయినాను."

పేటెంటు పోతే ఆయన పని ఏమవుతుందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. షావుకారుకు నలుగురు వడ్రంగులున్నారు, టేకు చెక్క ఉంది, ఊరూరా అంగళ్ళున్నాయి. వాళ్ళు చేసినంత చౌకగా ఈయన చేయలేడు. పలక మీద హక్కు పోతే ముఖమల్ మార్చే పని కూడా ఉండదు, ఎందుకంటే ఆ పలక వచ్చాక గుడ్డలకు తూట్లు పడటం ఆగిపోయింది. తన పాత బతుకును తనే మూసేసుకుని కొత్తది తెరిచిన మనిషి. నేను ఒక్క మాట అంటే ఆ కొత్తది కూడా మూతపడుతుంది. ఆ ఆలోచన వచ్చాక జడ్జి పక్కన కుర్చీ మీద నా గర్వం కాస్తా దిగిపోయింది.

జాలి వేరు, న్యాయం వేరు. అది నాకు తెలుసు. నన్ను వేధించింది జాలి కాదు. ఒకసారి చూసేసిన దాన్ని చూడనట్టు ఎలా ఆలోచించాలో నాకు తెలియలేదు. పలక చూడకముందు నన్ను ఎవరైనా అడిగి ఉంటే నాకు తట్టేదా? తట్టేదనే నా మనసు చెబుతుంది. కానీ ఆ మనసు ఇప్పుడు పలక చూసిన మనసు, దాని సాక్ష్యం చెల్లదు. కాలేజీకి నడుస్తున్నా అదే, భోజనం చేస్తున్నా అదే. మా ఆవిడ ఇంకాస్త చారు పోయనా అని అడిగితే "తట్టేదేనంటావా?" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని కాసేపు నన్నలాగే చూసి, పోసేసింది.

చివరికి క్లాసులో అడిగాను. ఏటవాలు చెక్క మీద ఆడవాళ్ళ నగలు పెట్టాలి, ఊపినా పడకూడదు, అడగ్గానే చేతికి రావాలి, గుడ్డ చిరగకూడదు, ఎలా చేస్తారు? అప్పటికి వాళ్ళకు అయస్కాంతం పాఠాలు ముగిసి వారం కూడా కాలేదు. నల్లబల్ల మీద నేను గీసిన గీతలు సగం చెరిగి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మైనం అన్నాడొకడు. లక్క అన్నాడు ఇంకొకడు. చెక్కకు గాడులు కొట్టాలన్నారు, చింతపిక్కల బంక అన్నారు, రబ్బరు నాడాలన్నారు. నల్లబల్ల వైపు ఒక్కడూ చూడలేదు. అప్పుడు నేనే చెప్పాను. క్లాసంతా ఒక్కసారిగా నవ్వి, "అంతేనా సార్!" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "అంతే అయితే ఇందాక నోట్లో ఏం పెట్టుకున్నార్రా?" అని కేకలేశాను. పాపం వాళ్ళు బిక్కచచ్చిపోయారు. నిజానికి నా కోపం వాళ్ళ మీద కాదు. జడ్జిగారి గదిలో నేనన్న మాటే వాళ్ళ నోట వినపడేసరికి తట్టుకోలేకపోయాను.

తర్వాతి వాయిదాకు ఈ సంగతి జడ్జిగారికి చెబితే మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన మెచ్చుకోలేదు. "మీ క్లాసులో జరిగింది సాక్ష్యం కాదు మాస్టారూ. పైగా మీ పిల్లలు నగల వ్యాపారులు కారు. రోజంతా ఆ పనిలో మునిగి ఉన్నవాడికి తట్టేదా అన్నదే మనకు కావాలి. అది బోనులోంచే రావాలి," అన్నారు.

ఆ రోజే షావుకారు బోనెక్కాడు. కోర్టు హాలు కిటకిటలాడింది. బజారులో సగం మంది అక్కడే ఉన్నారు. ఆయన మనిషి నిండుగా ఉన్నాడు, నుదుట విభూతి, చెవులకు తెల్లరాళ్ళ కడుకులు. వెంట తన కార్ఖానాలోని సూదంటురాయి తెచ్చాడు. పళ్ళెంలో బంగారు పొడి పోయించి, అందులో ఆకురాయి నుంచి రాలిన ఇనుప రజను కలిపి, సూదంటురాయిని పైన ఆడించాడు. ఇనుము లేచి రాయికి మీసాల్లా పట్టుకుంది. పళ్ళెంలో బంగారం ఒక్కటే మిగిలింది.

"ఇది మాకు తాతల కాడి నుంచీ ఉండాది," అన్నాడు. "సూదంటురాయి లేని కంసాలి ఈ జిల్లాలో యాడా లేడు. సాయిబు మాకు సూపించేదేముండాది?"

హాల్లో గుసగుసలు లేచాయి. ఇనుము, అయస్కాంతం, బంగారం, మూడూ ఒకే పళ్ళెంలో. రోజూ వీళ్ళ చేతుల్లో. ఇక తట్టదని ఎలా చెప్పను? సాయిబు వైపు చూడకుండా సిరాబుడ్డి వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయిబు వకీలు లేచాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలు చివరిదాకా పోతుంది.

"సూదంటురాయి మీ తాతల నాటి నుంచి ఉండాదంటిరి. ముఖమల్ గుడ్డ?"

"అదీ ఉండాది."

"ఇనుపరేకు?"

"బజారంతా దొరికేదే కదా."

"గుడ్డలకు తూట్లు పడేది, దారాలు తెంపేది, ఆ బాధ?"

"ఆ బాధ మాకు తెలిసినట్ల ఇంకెవరికి తెలుస్తాది?"

"అన్నీ ఉండాయి, బాధా ఉండాది. మరి ఇన్ని తరాలుగా మీలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదు?"

షావుకారు ముఖం ఎర్రబడింది. ఆ ప్రశ్నకు ఆయన వకీలు ఏదో జవాబు నేర్పే ఉంటాడు. కానీ అంతమంది బజారు జనం ముందు తెలివితక్కువవాడి కింద జమకట్టేసరికి ఆయనకు పౌరుషం వచ్చింది.

"తట్టక కాదప్పా," అన్నాడు. "మాది లచ్చిమి ఉండే అంగడి. బంగారం కింద ఎవరైనా ఇనుము పెడతారా? తాళిబొట్టుకు పిన్నీసు తగిలిస్తేనే పెద్దోళ్ళు ఇంట్లో ఊరుకోరు. మా సూదంటురాయి ఉండేది ఇనుమును ఏరి పారేసేదానికి, తెచ్చి కింద పరిచేదానికి కాదు. కంసాలి పుట్టుక పుట్టినోడు కలలో కూడా ఆ పని సెయ్యడు."

ఆయన వకీలు కాగితాల వెనక ముఖం దాచుకున్నాడు. షావుకారు పప్పులో కాలేశాడని ఆయనకు తప్ప అందరికీ అర్థమైంది. సాయిబు వకీలు ముఖం వెలిగిపోయింది. అప్పుడొక వింత చూశాను. వెనక బల్ల మీద కూర్చున్న సాయిబు ముందుకు వంగి, వకీలు నల్లకోటు అంచు పట్టుకుని లాగుతున్నాడు. చాలు, ఆపమని. వకీలు చేయి విదిలించుకున్నాడు.

"మరి మీరిప్పుడు మీ అంగట్లో పెట్టినారు కదా?"

"రేకుకు పసుపు పూయించి, అయ్యవారిని పిలిచి పూజ సేయించి పెట్టినాను. ఉత్తగా పెట్టలేదు."

"సాయిబు దగ్గర మొదటి పలక కొన్నప్పుడు లోపల ఏముండాదో మీకు తెలుసునా?"

"తెలీదు. రేకు అన్నాడు. ఇత్తడో తగరమో అనుకున్నాను. విప్పి చూస్తే ఇనుము. అదిరిపడినాను."

"ముందే తెలిసి ఉంటే?"

"కొనేవాణ్ణే కాదు."

వకీలు తృప్తిగా కూర్చున్నాడు. సాయిబు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. గెలిచేవాడి వాలకం కాదది. పెద్ద కోర్టు, భయపడ్డాడు కాబోలు అనుకున్నాను.

సాయంత్రం గదిలో జడ్జిగారు నన్ను ఇరుకున పెట్టారు. "కంసాలి కళ్ళతో చూస్తే తట్టదు, సరే. పెట్టెలు చేసేవాళ్ళకు ఆ పట్టింపు లేదు. వాళ్ళ కళ్ళతో చూస్తే?"

ఈసారి నిదానంగానే ఆలోచించాను. "పెట్టెలవాళ్ళ చేతిలో గుడ్డ ఉంది, రేకు ఉంది, సూదంటురాయి లేదు. కంసాలుల చేతిలో సూదంటురాయి ఉంది, కానీ వాళ్ళ లెక్కలో అది ఇనుమును తరిమే వస్తువు. దగ్గరకు పిలిచే వస్తువని వాళ్ళకు తోచే దారి లేదు. దారి లేనిచోట ఈయన నడిచాడు. ఇది తట్టేది కాదండీ," అన్నాను. తర్వాత ఆయన కలం తీసుకున్నారు.

తీర్పు సాయిబుకు అనుకూలంగా వచ్చింది. జడ్జిగారు ఇంగ్లీషులో రాసినా, చదివేటప్పుడు ఆ ఒక్క భాగం తెలుగులో కూడా అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. నగల వ్యాపారంలో ఉన్నవాడెవడూ బంగారం కింద, అందులోనూ తాళి కింద, ఇనుము పెట్టాలని తలపెట్టడు, అందుకే ఇది నిజమైన కనిపెట్టడం అని. ఆ మాట మరునాటికే చిత్తూరు బజారు దాటింది, వారం తిరక్కుండా తిరుపతికి వచ్చింది. మా వీధిలో బోరింగు దగ్గర ఆడవాళ్ళు అదే మాట్లాడుకుంటున్నారు. ఫలానా అంగట్లో తాళిని ఇనుము మీద పెట్టి అమ్ముతారట. పెళ్ళికి నగలు కొనేవాళ్ళు లోపలికి అడుగు పెట్టకముందే, "మీ పలక కింద ఏముండాది?" అని అడగడం మొదలుపెట్టారు. నగరి నుంచి, పుత్తూరు నుంచి సాయిబు అమ్మిన పలకలు వెనక్కి వచ్చేశాయి. షావుకారు తన పలకలన్నీ బజారు నడిమధ్యలో విప్పించి, తన అంగట్లో ఇక ఇనుము లేదని అందరికీ చూపించుకున్నాడు. ఓడిపోయినవాడి అంగడి మళ్ళీ కళకళలాడింది.

సాయిబు వకీలు కోటు ఎందుకు లాగాడో నాకప్పుడు తెలిసింది. ఆ పలక ఎవరికీ తట్టకపోవడానికి కారణమేదో, ఎవరూ దాన్ని కొనకపోవడానికీ అదే కారణం. ఆయనకు అది మొదటినుంచీ తెలుసు. కలకత్తాకు పోయిన కాగితంలో ఇనుము అనే రాసి ఉంది, కానీ దాన్ని ఇక్కడ చదివేదెవరు? నోటితో మాత్రం ఆయన ఎప్పుడూ రేకు అనే అన్నాడు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన అలిపిరి దారిలో ఉన్న మా ఇంటికి వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన పలక ఉంది. కలుసుకోకూడదన్న నియమం ఎప్పుడో తీరిపోయింది కదా. రమ్మని కూర్చోబెట్టాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"అంగడి ఎత్తేసినా సార్. మద్రాసు పోతా ఉండాను, మా అన్న కాడికి," అన్నాడు. "ఇది ఒకటి మిగిలింది. మీ కాలేజీలో పిల్లోళ్ళకు పాఠం సెప్పేదానికి పనికొస్తాదేమోనని తెచ్చినాను."

గుడ్డ విప్పి పలకను బల్ల మీద నిలబెట్టాడు. నగలు లేవు, బిళ్ళలు మాత్రం ఉన్నాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. పలకను ముచ్చటగా చూసి, "ఎంత బాగా చేసినారు," అంది మనస్ఫూర్తిగా. ఒక బిళ్ళను తీసి చూడాలని ముందుకు వంగింది. వంగినప్పుడు మెడలో పుస్తెలు ముందుకు జారాయి. వెంటనే ఆమె ఎడమ చేయి దానంతట అదే లేచి వాటిని పట్టుకుని, కొంగు లోపలికి తోసేసింది. ఆ తర్వాతే బిళ్ళను ముట్టుకుంది. తను చేసింది తనకే తెలియదు. అందులో అవమానించే ఉద్దేశం రవ్వంత కూడా లేదు.

ఆయన చూశాడు. నేను చూడటం కూడా చూశాడు. మా ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, "అమ్మను ఏమీ అనొద్దండి సార్," అన్నాడు. "మా ఇంట్లో ఆడోళ్ళూ అంతే."

"మీ దావా న్యాయంగానే గెలిచారు. ఆ మాట ఎవరు అడిగినా చెబుతాను," అన్నాను.

"మీరు సెప్పింది నిజమే సార్. దాంట్లో తప్పేమీ లేదు," అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "కానీ ఎందుకు తట్టలేదన్న ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా మా వకీలు ఓడిపోయుంటే బాగుండేది. అందరూ ఈ పలకలే సేసుకోనుందురు. నాకు ఏమీ రాకుండా పోయుండును, పోనీ. యాడికి పోయినా, ఏ అంగట్లో సూసినా, ఇది నేను సేసిందే కదా అని అనుకోనుందును."

పలకను నాకు వదిలేసి, గుడ్డ ఒక్కటే మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. గేటు దాకా వెంట నడిచాను.